తొమ్మిదో చప్పుడు

మా అమ్మకు నా ఉద్యోగం ఏమిటో చెప్పి ఒప్పించడానికి నాకు పదహారేళ్ళు పట్టింది. ఇప్పటికీ మా క్వార్టర్స్‌లో ఎవరైనా అడిగితే, "మా పకీరమ్మ బండలకు చెవి పెట్టి ఇంటాది. దానికి గవర్మెంటోళ్ళు జీతమిస్తారు" అంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత చూస్తే, నా పరిశోధన గురించి పేపర్లలో వచ్చిన వివరణలన్నిటికన్నా అదే నయంగా ఉంది.

నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో భూభౌతిక శాస్త్రవేత్తను. బండ పైకి ఎంత గట్టిగా కనిపించినా లోపల పగుళ్ళుంటాయి, పగుళ్ళలో నీరుంటుంది. నేల అదిరినప్పుడు పుట్టే అలలు రాతిలో సెకనుకు ఐదారు కిలోమీటర్లు పరిగెత్తిపోతాయి. ఒక్క అల మాత్రం పగుల్లోని నీటిని పట్టుకుని, రెండు గోడలకూ ఒరుసుకుంటూ, తొందరేమీ లేనట్టు నడుస్తుంది. దానికి శాస్త్రంలో పెద్ద పేరే ఉంది. మా ప్రయోగశాలలో మేం నత్త అంటాం. నేను డాక్టరేటు చేసింది నత్త మీద. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిందీ నత్త వల్లేనని మా అమ్మ అభియోగం.

ఈ నత్త నడిచిన దారిలో గుర్తులు వదులుతుందని మాకు మూడేళ్ళ కిందట తెలిసింది. పగుల్లో నీరు కదలకుండా ఉంటే, అల దాటినప్పుడల్లా నీటిలోని ఉప్పు గోడల మీద సన్నటి గీతలుగా పేరుకుంటుంది. ఏటి ఒడ్డున ఇసుక మీద నీళ్ళు గీతలు గీసి పోతాయే, అలాంటివే. కాకపోతే కంటికి ఆనవు. ఆ గీతల మీదుగా మరో మెత్తటి అలను పంపితే, మొదట ఏ చప్పుడు వాటిని గీసిందో అది తిరిగి వస్తుందా అని నాకు అనుమానం పుట్టింది. అనుమానం పెనుభూతమంటారు కదా, అది నన్ను రెండేళ్ళు నిద్రపోనివ్వలేదు.

చివరికి బెత్తెడు మందం, మూరెడు పొడవు ఉక్కు గొట్టమొకటి తయారుచేశాం. అందరూ దాన్ని చెవి అనేవారు. మా డైరెక్టరు పరాంకుశం గారు నల్లరాతి దిమ్మె ఒకటి తెప్పించి, దాని పగుల్లో ఉప్పునీరు నింపి మూసి, నన్ను బయటికి పంపేసి సుత్తితో కొట్టారు. ఎన్ని దెబ్బలో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు. ఆరునెలల తర్వాత నేను ఆ దిమ్మెకు చెవి ఆనించాను. స్పీకరులో ఒకదాని తర్వాత ఒకటి ఏడు దెబ్బలు వినిపించాయి. ఐదో దెబ్బకూ ఆరో దెబ్బకూ మధ్య కొంచెం ఎక్కువ ఎడం ఉంది.

పరాంకుశం గారు జేబులోంచి కాగితం తీశారు. ఏడు. "ఐదో దెబ్బ తర్వాత తుమ్ము వచ్చిందమ్మా" అన్నారు.

మేం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఆ ఉత్సాహంలో ఇంకోసారి విందామని చెవి ఆనించాను. ఏమీ లేదు. మూడోసారీ లేదు. మేం పంపిన అల ఆ గీతల్ని వినిపిస్తూనే కరిగించేసింది. ఒక చప్పుడును ఒక్కసారే వినగలం. ఆ తర్వాత మా తెర మీది అలల బొమ్మగా తప్ప అది లోకంలో ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. నేను గడప దగ్గరే చెప్పులు విడుస్తూ మొదలుపెట్టి, ఏడు దెబ్బల కథంతా తుమ్ముతో సహా చెప్పేశాను. అమ్మ వింటూ రొట్టె పెనం మీద వేసింది.

"ఆ గీతలు ఎన్నాళ్ళుంటాయి పాపా?"

"నీళ్ళు కదలకపోతే వందేళ్ళైనా ఉంటాయి."

అమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. కాసేపటికి వంటింట్లోంచి మాడిన వాసన వచ్చింది. మా అమ్మ చేతిలో రొట్టె మాడటం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆమె దేని గురించి అడిగిందో నాకు తెలుసు. నేను కూడా ఆ ఏడో దెబ్బ విన్న క్షణం నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను.

మాది అనంతపురం వైపు గువ్వలకొండ. అక్కడ బంగారు గని ఉండేది. మా నాయన కుళ్ళాయప్ప ఆ గనిలో బ్లాస్టరు. రాతికి బెజ్జాలు వేసి, తూటాలు కూరి, ఫ్యూజులు ముట్టించి పేల్చేవాడు. ఫ్యూజులు ఒకదానికన్నా ఒకటి పొడుగ్గా కత్తిరిస్తారు. అందుకని తూటాలన్నీ కలిసి పేలకుండా మూడు సెకన్లకొకటి చొప్పున వరసగా పేలుతాయి. పేలిన చప్పుళ్ళు లెక్కపెట్టడం ఆ పనిలో ప్రాణంతో సమానం. తొమ్మిది బెజ్జాలకు తొమ్మిది చప్పుళ్ళు వినబడాలి. ఎనిమిదే వినబడితే ఒక తూటా పేలకుండా రాతిలో కూర్చుని ఉన్నట్టు. అప్పుడు లోపలికి ఎవరూ పోకూడదు.

ఈ లెక్క ఒక్కడిది కాదు, ఇద్దరిది. బ్లాస్టరు వేళ్ళ కణుపుల మీద ఎంచుతాడు. అతని జత మనిషి చప్పుడుకొక గులకరాయి చొప్పున టిఫిను మూతలో వేస్తాడు. ఎంచేటప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. తర్వాత రెండు లెక్కలూ కలిస్తేనే, లోపలికి పోవచ్చని ఈల వేస్తారు. మా నాయనకు జత మనిషి ఓబులేసు మామ. చుట్టరికమేమీ లేదు. వాళ్ళు బోయవాళ్ళు, మేం దూదేకులవాళ్ళం. అయినా నా చెవులు కుట్టించినప్పుడు నేను కూర్చుంది ఆయన తొడ మీదే.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఒక మంగళవారం ఈల పడింది. పొగ పోయాక ముగ్గురు మనుషులు డ్రిల్లు తీసుకుని లోపలికి వెళ్ళారు. డ్రిల్లు నేరుగా పేలని తూటాకు తగిలింది. ముగ్గురూ పోయారు. అందులో ఒకడు ఓబులేసు మామ తమ్ముడు సుంకన్న.

గని యాజమాన్యం విచారణ జరిపింది. ఓబులేసు మామ, "నా మూతలో ఎనిమిదే పడినాయి. కుళ్ళాయప్పకు చెప్తి. వాడు తాగుండాడు, ఇన్లేదు, ఈలేసినాడు" అని చెప్పాడు. మూత చూపించాడు. అందులో ఎనిమిది రాళ్ళే ఉన్నాయి. మా నాయన మాత్రం తొమ్మిది విన్నానన్నాడు. విచారణలోనూ అదే అన్నాడు, ఊళ్ళోనూ అదే అన్నాడు. ఉద్యోగం పోయింది. పీర్ల పండక్కి ఏటా పెద్ద పీరును ఎత్తేది ఆయనే. ఆ ఏడు నుంచి ఎవరూ పిలవలేదు. ముగ్గురిని మింగినవాడు పీరు ముట్టుకుంటాడా అన్నారు.

ఆయన తర్వాత పదకొండేళ్ళు బతికాడు. బతికాడంటే ఊపిరి పీల్చాడని. రోజూ పడుకోబోయే ముందు అమ్మను అడిగేవాడు, "తొమ్మిదే కదా మే?" అని. అమ్మ గోడవైపు తిరిగి, "పండుకో" అనేది. అంతే. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చిన్నప్పుడు నాకు దాని మీద చెడ్డ కోపం. ఊరంతా కాదన్నా పెళ్ళామైనా ఔననాలి కదా.

గువ్వలకొండ గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. లోపలంతా నీళ్ళు. ఆ పేలుడు జరిగిన చోటుకు పక్కనే ఒక పొడవాటి పగులు ఉన్నట్టు గని పాత పటాల్లో ఉంది. ఆ తూటాలకు లేచిన రాతిపొడి దాని నోరు మూసేసి ఉంటే, లోపలి నీరు అప్పటి నుంచీ కదిలి ఉండదు, తర్వాతి పేలుళ్ళ చప్పుడూ లోపలికి దిగి ఉండదు. అంటే ఆ మంగళవారం చప్పుళ్ళు అందులో అలాగే ఉండాలి.

నేను పరాంకుశం గారికి దాపరికం లేకుండా చెప్పాను. ఆయన నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ సవరించుకుంటూ చాలాసేపు విన్నారు.

"ఎవరి సొమ్ము తింటే వారి పాట పాడతారని లోకం అంటుంది, ఫకీరమ్మా. కూతురు వెళ్ళి తండ్రి నిర్దోషి అని వింటే ఎవరు నమ్ముతారు?"

"మీరు వినండి సర్. నేను చెవిని ముట్టుకోను."

"ముట్టుకోనివ్వను కూడా. అక్కడున్న ప్రతివాళ్ళూ ఎవరి లెక్క వాళ్ళు, నోరు విప్పకుండా ఎంచాలి. ఇంకో షరతు. ఎనిమిది వచ్చినా అచ్చు వేస్తాం. మీ నాన్నగారి పేరుతో సహా."

"వేద్దాం సర్."

"ఆలోచించుకుని చెప్పండి."

"ఆ ఏడు దెబ్బలు విన్ననాటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను సర్" అన్నాను. నిజానికి నేను ఆలోచించింది తొమ్మిది వస్తే ఏం చేయాలన్నది మాత్రమే. ఎనిమిది నా బుర్రలోకి రానేలేదు. కొత్త కంపెనీ ఒకటి వచ్చే వేసవిలో గని నీళ్ళు తోడిస్తుందని అప్పటికే వార్త. నీళ్ళు తోడితే గీతలు పోతాయి. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ లేదు. ఆయన అనుమతి రాసిచ్చారు.

ఆదివారం అమ్మ నాకు తలకు నూనె పెడుతుండగా విషయం చెప్పాను. నలభై ఒక్కేళ్ళు వచ్చినా ఆదివారం నూనె తప్పదు మా ఇంట్లో. అమ్మ చేతులు నా తల మీదే ఆగిపోయాయి.

"వద్దు పాపా."

"ఎందుకొద్దు? నాయన పేరు బాగుపడుతుంది కదా."

"బాగుపడదు. ఎనిమిదే."

నేను వెనక్కి తిరిగాను. అమ్మ నా వైపు చూడటం లేదు. నూనె గిన్నెలో చూస్తోంది.

"నీకేం తెలుసు?"

"గని లైన్ల ఇండ్లల్లో ఉండే ఆడోళ్ళకందరికీ తెలిసేది. ఈ పొద్దు ఇన్ని షాట్లని పొద్దున్నే చెప్పి పోయేటోళ్ళు మీ నాయనోళ్ళు. యింటికాడ కూసుంటే కాళ్ళ కింద నేల అదిరేది. ఎంచుకుంటాంటిమి. ఆఖరిది పడినాక ఎసరు పెట్టేది. మొగోళ్ళు పైకొచ్చేసరికి అన్నం ఉడుకుతాది. ఆ పొద్దు తొమ్మిదని చెప్పి పోయినాడు. నేను ఎసరు గిన్నె చేతిలో పట్టుకోని నిలబడుకోనుండా. ఎనిమిది అదిరె. తొమ్మిదోది రాలా. ఎంతసేపు చూసినా రాలా."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పేది? ఆడది గని గేటుకాడికి పోతే కీడని తరిమేటోళ్ళు. లోపలుండేటోళ్ళకు తెలీదా, నాకన్నా వాళ్ళకు బాగా తెలుస్తాది కదా అనుకుంటి. అట్ల అనుకోని ఎసరు పెడ్తి. అన్నం వార్చేటప్పుడు సైరన్ కూసె." అమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. నూనె పోవడం లేదు, తుడుస్తూనే ఉంది. "గంట టైముండె పాపా. ముగ్గురు మొగోళ్ళు. నేను గేటుకాడికి పోయి ఒక్క మాట చెప్పలేకపోతి. ఆ మనిసేమో రోజూ తొమ్మిదే కదా అని నన్నే అడిగె. ఏం చెప్పాల? ఔనంటే అబద్ధం. కాదంటే సచ్చిపోతాడు."

ఉరుము ఉరిమినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడలాడించడం నాకు గుర్తొచ్చింది. అది చాదస్తమనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎన్ని ఉరుములో ఎంచకుండా ఉండడానికి అలా చేసేది.

షరతుకు ఒప్పుకున్నాను. అనుమతి వచ్చేసింది. మానేద్దామా అని మూడు రోజులు కొట్టుకున్నాను. మానేస్తే, నిజం తెలిసి దాచినవాళ్ళ జాబితాలో నేనూ చేరతాను. పోదామనే నిర్ణయించుకున్నాను. అమ్మను రావద్దన్నాను. నా కంటే ముందే సంచి సర్దుకుని జీపులో కూర్చుంది.

గువ్వలకొండలో గని లైన్లలో ఇప్పుడు పది పన్నెండు ఇళ్ళే మిగిలాయి. మా ఇంటికి పైకప్పు లేదు, గడప మాత్రం ఉంది. అమ్మ వెళ్ళి ఆ గడప మీద కూర్చుంది. ఇక్కణ్ణుంచి కదలనంది. రెండు చెవుల్లో దూది పెట్టుకుంది. దూదేకులోళ్ళ ఇంట్లో ఇంకేముంటాదిలే అని తనే అని, నవ్వబోయి మానేసింది.

నేను ఓబులేసు మామ ఇంటికి వెళ్ళాను. ఆయనకు చెప్పకుండా ఈ పని చేయడం తప్పనిపించింది. డెబ్బై దాటాయి. గొర్రెలకు తుమ్మకాయలు రాలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి గెడకర్ర కింద పెట్టాడు. నేను వచ్చిన పని చెప్పాను. నా మాటలన్నీ ఆయనకు అర్థమయ్యాయో లేదో గానీ, ఆ రోజు చప్పుళ్ళు మళ్ళీ వినిపిస్తాయన్నది మాత్రం అర్థమైంది.

"నేను రాను అమ్మీ" అన్నాడు. "నాకు గొర్రెలుండాయి."

మా వాళ్ళు నాలుగు రోజులు సన్నటి బోరు వేశారు. నూటనలభై మీటర్ల లోతులో పగులు తగిలింది. ఐదో రోజు పొద్దున పది గంటలకు పరాంకుశం గారు చెవిని తాడుతో లోపలికి దించారు. నన్ను పది అడుగుల దూరంలో కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం, పెన్సిలు ఇచ్చారు. మా టెక్నీషియన్ మణెమ్మకూ అవే ఇచ్చారు. అప్పుడు చూస్తే ఓబులేసు మామ బోరు గట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. గొర్రెలను ఎవరికి అప్పగించి వచ్చాడో.

"పెద్దాయనా, మీరూ లెక్కపెడతారా?" అన్నారు పరాంకుశం గారు కాగితం చాపుతూ.

"నాకు రాసేది రాదు సామీ."

ఆయన వంగి గుప్పెడు గులకరాళ్ళు ఏరుకున్నాడు. పంచె మడతలోంచి టిఫిను మూత తీశాడు. సొట్టలు పడిన పాత ఇత్తడి మూత. నేలమీద గొంతుక్కూర్చుని దాన్ని ముందు పెట్టుకున్నాడు. అంటే ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చాడన్నమాట.

పరాంకుశం గారు మీట నొక్కారు. మొదట ఈదురుగాలిలాంటి చప్పుడు వచ్చింది. ఇక్కడే నాకు నా మీద అసహ్యం వేసింది. పదహారేళ్ళు శాస్త్రం చదివినదాన్ని, మనసులో గూగూడు కుళ్ళాయి స్వామికి మొక్కుకుంటున్నాను, తొమ్మిది రావాలి స్వామీ అని.

మొదటిది పడింది. పొట్టిగా, గట్టిగా, తలుపు మీద కర్రతో కొట్టినట్టు. నేను గీత గీశాను. మూతలో రాయి ఖణేలుమంది. మూడు సెకన్లకు రెండోది. తర్వాత మూడోది. మా నాయన చేతులతో ముట్టించిన ఫ్యూజులవి, ఆయన కత్తిరించిన కొలతకు ఒక్క వీసమెత్తు తేడా లేకుండా పడుతున్నాయి. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిదోది మిగతావాటికన్నా పెద్దగా, దగ్గరగా వచ్చింది. నా పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. ఒక సెకను. రెండు. అమ్మ ఎసరు గిన్నె పట్టుకుని నిలబడింది నాకు కళ్ళకు కట్టింది. మూడు.

తొమ్మిదోది పడింది.

నేను గీత గీశాను. మూతలో రాయి పడింది. ఆ తర్వాత గాలి చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు. పరాంకుశం గారు మీట ఆపారు. ఆ పగుల్లో ఇక ఏమీ లేదు.

మణెమ్మ కాగితం మీద తొమ్మిది. నా కాగితం మీద తొమ్మిది. పరాంకుశం గారిదీ తొమ్మిదే. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ఏదో వచ్చింది. మా నాయన తాగలేదు. తప్పు వినలేదు. అప్పుడే అమ్మ మాట గుర్తొచ్చి చల్లబడిపోయాను. తొమ్మిదీ పేలితే, ఆ ముగ్గురిని చంపిన తూటా ఎక్కడిది?

"ఫకీరమ్మా, ఇలా రండి" అన్నారు పరాంకుశం గారు. ఆయన తెర మీద అలల బొమ్మ చూస్తున్నారు. "ఇక మీరు ముట్టుకోవచ్చు. ఇది చూడండి."

ఎనిమిది అలలు నిట్టనిలువుగా, సూదుల్లా లేచి ఉన్నాయి. తొమ్మిదోది అలా లేదు. మెల్లగా ఉబ్బి, మెల్లగా దిగింది. ఆ ఆకారం నాకు కొత్త కాదు. పదహారేళ్ళుగా అలాంటి బొమ్మలతోనే నా బల్ల సొరుగులన్నీ నిండి ఉన్నాయి.

"నత్త" అన్నాను.

"నత్తే. ఎనిమిదో తూటా ఈ పగుల్ని బద్దలుకొట్టింది. అల నీటిలోకి దిగి, అటు చివరి దాకా నడిచి, గోడకు తగిలి తిరిగొచ్చింది. మూడు సెకన్లు పట్టింది. సరిగ్గా ఫ్యూజు లెక్క."

విచారణ కాగితాల ప్రకారం తొమ్మిదో బెజ్జం ఆ పగులుకు మూరెడు దూరంలో ఉంది. బద్దలైన పగుల్లోంచి చిమ్మిన నీరే తొమ్మిదో ఫ్యూజును ఆర్పేసి ఉండాలి. పేలవలసిన తూటా పేలలేదు. అది పేలవలసిన క్షణానికే నత్త వచ్చి, దాని బదులు పలికింది. సొరంగంలో నిలబడినవాడికి అది తొమ్మిదో పేలుడు కాక మరేమిటి?

మా నాయన విన్నాడు. నా కంటే ముందు, ఎందరో శాస్త్రవేత్తలకన్నా ముందు, ఈ అలను ఒట్టి చెవులతో విన్నాడు. నేను ఉద్యోగం పేరుతో దేశదేశాల రాళ్ళన్నీ తట్టి చూశాను గానీ, మా ఇంట్లో ప్రతి రాత్రీ వినిపించిన ప్రశ్నను ఒక్కసారీ తట్టి చూడలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"అమ్మీ" అన్నాడు ఓబులేసు మామ. ఆయన ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు. మూత వైపే చూస్తున్నాడు. "ఆ పొద్దు గూడా నా మూతలో తొమ్మిదే పడినాయి."

నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఇద్దరి లెక్కా కలిసె. మీ నాయన ఈలేసె. మా సుంకన్న లోపలికి పోనంటాండె, ఆకలైతాంది అన్నం తినొస్తా అనె. నేనే వాని ఈపు మీద చెయ్యేసి తోస్తి, బిరీన ముగించుకోని రాపోరా అని. అంతలోకే..." ఆయన అరచేయి చూసుకున్నాడు. "నేను పంపితినని మాయమ్మకు ఎట్ల చెప్పేది? వాని పెండ్లానికి ఎట్ల చెప్పేది? జనం ఉరికొచ్చేలోపల మూతలోంచి ఒక రాయి తీసి జోబీలో ఏసుకుంటి. ఎనిమిదంటి. తాగినాడంటి. మీ నాయన నన్ను ఒక్క మాట అన్లేదు అమ్మీ. దావలో ఎదురుపడితే, నీకు తొమ్మిది ఇనపడలేదా ఓబులేసూ అని అడుగుతాండె. అంతే."

ఆయన మొలతాడుకు కట్టిన చిన్న గుడ్డమూట విప్పాడు. అందులో ఒక తెల్ల గులకరాయి ఉంది. ముప్పై ఒక్కేళ్ళు ఒరుసుకుని గుడ్డులా నున్నబడింది.

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదనను. వచ్చింది, కానీ నిలబడలేదు. అబద్ధం చెప్పి ఆయన బాగుపడింది ఏమీ లేదు.

ఇద్దరం లైన్లకు నడిచాం. అమ్మ గడప మీదే ఉంది. నా మొహం చూసి దూది తీసింది. నేను మట్టిలో పుల్లతో గీసి చెప్పాను. "ఇది గని. ఇది మన ఇల్లు. పేలుడు చప్పుడు రాతిలో పడి నీ కాళ్ళ కిందికొచ్చింది. ఎనిమిది. నువ్వు ఎంచింది సరైనదే. కానీ నత్త నీళ్ళను వదిలి రాదు. అక్కడే తిరిగి, అక్కడే పలికింది. లోపలున్నవాళ్ళకే వినిపించింది. నాయన ఎంచిందీ సరైనదే."

అమ్మ ఆ గీతల్ని చాలాసేపు చూసింది.

"అట్లయితే ఆ మనిసి ఇన్నింది నిజమేనా?"

"నిజమే."

"నేను ఇన్నింది గూడా?"

"అదీ నిజమే."

"నేను ఆ పొద్దు గేటుకాడికి పోయుంటే, పోయినోళ్ళు బతికుందురు గదా పాపా?"

నేను పుల్ల కింద పడేసి అమ్మ పక్కన గడప మీద కూర్చున్నాను. ఓబులేసు మామ ముందుకొచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర మూత పెట్టాడు. నాకు చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. అమ్మ అరుస్తుందనుకున్నాను, మట్టి ఎత్తిపోస్తుందనుకున్నాను.

"నువ్వు రాయి దాచినావు, నేను మాట దాచినా" అంది అమ్మ. "లే ఓబులేసన్నా. ఎండగా ఉండాది."

గోరీల దిబ్బ అక్కడికి కూతవేటు దూరం. మా నాయన గోరీకి పేరు రాసిన రాయి లేదు, గుర్తుగా ఒక గని బండ మాత్రం ఉంది. అమ్మ దాని పక్కన కూర్చుని, తలమీద కొంగు సర్దుకుంది. మూతలోంచి ఒక్కో రాయీ తీసి బండ మీద వరసగా పెట్టసాగింది. పైకి వినబడేలా ఎంచుతోంది. ఎనిమిది పెట్టాక మూతలో ఇంకొకటి ఉన్నా తీయలేదు. ఓబులేసు మామ వైపు చెయ్యి చాపింది. ఆయన మొలలోని నున్నటి రాయిని ఆ చేతిలో పెట్టాడు.

అమ్మ దాన్ని చివర్న పెట్టింది. బండ మీద చెయ్యి ఆనించింది, పక్కలో ఉన్న మనిషి భుజం మీద వేసినట్టు.

"తొమ్మిదే" అంది. "ఇంగ పండుకో."